ఒకసారి కదులుతుంది, ఒకసారి మొరాయిస్తుంది

చదవండి

కొన్ని జ్వరాలు పట్టుకుంటే వదలవు. కొన్ని జ్వరాలు వచ్చి పోతుంటాయి. రాత్రి ఒళ్ళు కాలిపోతుంది. తెల్లారి ఆసుపత్రికి పోయేసరికి ఒళ్ళు చల్లగా ఉంటుంది. అప్పుడు డాక్టరు ఏమడుగుతాడు? "జ్వరం ఏ వేళకు వస్తోంది? చలి పుడుతోందా? ఎంతసేపు ఉంటోంది?" అని అడుగుతాడు. మనం చెప్పే జవాబును బట్టి ఏ పరీక్ష చేయాలో ఆలోచిస్తాడు.

పాత కార్లకు కూడా ఇట్లాంటి జబ్బు వస్తుంది. పొద్దున తాళం తిప్పితే ఇంజను స్టార్టు అవుతుంది. మధ్యాహ్నం తిప్పితే కాదు. సాయంత్రం మళ్ళీ అవుతుంది. మెకానిక్ దగ్గరికి తీసుకుపోతే చక్కగా స్టార్టు అవుతుంది. "బండి బాగానే ఉంది గదక్కా" అంటాడు. ఇంటికొచ్చాక మళ్ళీ అదే గోల.

ఈ జబ్బు కనిపెట్టడానికి డబ్బుకన్నా ముందు కావలసింది ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు. అదెట్లాగో ఈ పాఠంలో చూద్దాం.

సత్తెమ్మ కారు

ఒంగోలు దగ్గర ఒక పల్లెలో ఒక కుటుంబం ఉందనుకుందాం. ఆమె పేరు సత్తెమ్మ అనుకుందాం. సత్తెమ్మ, ఆమె భర్త సంతల్లో చీరలు అమ్ముతారు. వాళ్ళకొక పాత మారుతి 800 కారు ఉంది. ఈ కార్లు మన దేశంలో 1983లో మొదలయ్యాయి. 2014లో తయారీ ఆపేశారు. వాళ్ళు పాతది కొనుక్కున్నారు. వెనక సీట్లో చీరల మూటలు వేసుకుని సంతలకు పోతారు. ఆ కారే వాళ్ళకు కూడు పెడుతోంది.

ఎండాకాలం వచ్చింది. కారు మొరాయించడం మొదలుపెట్టింది. ఒక సంత ముగించుకుని ఇంకో సంతకు పోవాలి. తాళం తిప్పితే కారు కదలదు. జనం వెళ్ళిపోయాక కదులుతుంది. బేరం పోయింది.

భర్త కారును మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాడు. మెకానిక్ మంచివాడే. కానీ షెడ్డుకు పోయేటప్పటికి కారు స్టార్టు అవుతోంది. జబ్బు అతని కంటికి కనబడలేదు. "బ్యాటరీ పాతదైపోయింది. మార్చి చూద్దాం" అన్నాడు. 3,800 రూపాయలు పోసి కొత్త బ్యాటరీ వేశారు.

మూడో రోజు సంతలో కారు మళ్ళీ మొరాయించింది.

"అయితే సెల్ఫు మోటారు పోయుంటుంది. ఇంకో 4,500 అవుతుంది" అన్నాడు మెకానిక్.

భర్తకు విసుగు పుట్టింది. "పాత ఇనుము వాడికి అమ్మేద్దాం. ఈ పీడ వదిలిపోద్ది" అన్నాడు.

సత్తెమ్మ ఒప్పుకోలేదు. "కారు అమ్మితే మూటలు నెత్తిన పెట్టుకుని తిరగాలా? ఆగయ్యా. ఒక్క వారం రోజులు చూద్దాం. అది ఎప్పుడు కదులుద్దో, ఎప్పుడు కదలదో రాసి పెడతా" అంది.

"నీకేం తెలుసు కార్ల సంగతి?"

"కారు సంగతి తెలియదు. చూసింది రాయడం తెలుసు గదా!"

కారు స్టార్టు కావాలంటే ఏమేం కావాలి?

పొయ్యి వెలగాలంటే కట్టెలు కావాలి, గాలి కావాలి, నిప్పు కావాలి. ఒక్కటి లేకపోయినా పొయ్యి వెలగదు. పెట్రోలు కారుకు కూడా అంతే.

1. ఇంజను ఒకసారి గిర్రున తిరగాలి. తిప్పేది సెల్ఫు మోటారు. దానికి కరెంటు ఇచ్చేది బ్యాటరీ.
2. ఇంజనులోకి పెట్రోలు, గాలి పోవాలి.
3. ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ రావాలి.

కాబట్టి కారు మొరాయించినప్పుడు మొదటి ప్రశ్న ఒక్కటే. ఇంజను తిరిగిందా, తిరగలేదా?

తాళం తిప్పితే "గిర్ గిర్ గిర్" అని తిరుగుతోంది, కానీ అందుకోవడం లేదు. అంటే సెల్ఫు పని చేస్తోంది. పెట్రోలు వైపు, నిప్పురవ్వ వైపు చూడాలి.

"టక్" అంటోంది, లేదా అసలు చప్పుడే లేదు. ఇంజను తిరగడం లేదు. అప్పుడు పెట్రోలు జోలికి పోనక్కర్లేదు. బ్యాటరీ, వైర్లు, తాళం స్విచ్చి, సెల్ఫు చూడాలి.

ఈ ఒక్క ప్రశ్నతో సగం వెతుకులాట తగ్గిపోతుంది. చాలామంది ఈ ప్రశ్న వేసుకోరు. "కారు స్టార్టు కాలేదు" అని మాత్రమే చెబుతారు. వినేవాడు గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఒక్కొక్క సామాను మారుస్తూ పోతాడు.

సత్తెమ్మ నోటుపుస్తకం

సత్తెమ్మ 20 రూపాయలు పెట్టి ఒక నోటుపుస్తకం కొన్నది. మొదటి పేజీలో ఆరు ప్రశ్నలు రాసుకుంది.

1. ఏ రోజు? ఎన్ని గంటలకు?
2. అంతకుముందు ఎంతసేపు నడిచింది? ఎంతసేపు ఆగి ఉంది?
3. ఇంజను వేడిగా ఉందా, చల్లగా ఉందా?
4. తాళం తిప్పితే ఏం చప్పుడు వచ్చింది?
5. తాళం తిప్పేటప్పుడు ముందు లైట్లు ఎట్లా ఉన్నాయి?
6. చివరకు ఎట్లా స్టార్టు అయింది?

కారు స్టార్టు అయినప్పుడూ రాసింది. కానప్పుడూ రాసింది. ఇది ముఖ్యం. జబ్బు లేని వేళలు కూడా తెలిస్తేనే జబ్బు వేళ తెలుస్తుంది.

ఆమె రాసిన పేజీ ఇదీ. మెల్లగా చదవండి.

సోమవారం ఉదయం 5:30. రాత్రంతా ఆగి ఉంది. చల్లగా ఉంది. స్టార్టు అయింది.

సోమవారం మధ్యాహ్నం 12:00. గంట నడిచింది. 20 నిమిషాలు ఆగింది. వేడిగా ఉంది. టక్ అంది. తిరగలేదు. లైట్లు బాగా వెలిగాయి. గంటన్నర తర్వాత స్టార్టు అయింది.

బుధవారం ఉదయం 5:30. చల్లగా ఉంది. స్టార్టు అయింది.

బుధవారం 11:30. 40 నిమిషాలు నడిచింది. 15 నిమిషాలు ఆగింది. వేడిగా ఉంది. టక్ అంది. తిరగలేదు. లైట్లు బాగా వెలిగాయి. నలుగురు నెట్టారు. స్టార్టు అయింది.

గురువారం ఉదయం 6:00. రాత్రి వాన పడింది. చల్లగా ఉంది. స్టార్టు అయింది.

శుక్రవారం మధ్యాహ్నం 1:00. గంట నడిచింది. అరగంట ఆగింది. వేడిగా ఉంది. టక్ అంది. లైట్లు బాగా వెలిగాయి. నెడితే స్టార్టు అయింది.

శనివారం సాయంత్రం 4:00. పొద్దున నడిచింది. 4 గంటలు ఆగింది. చల్లారింది. స్టార్టు అయింది.

పేజీ ఏం చెబుతోంది?

మొదటి సంగతి. మొరాయించినప్పుడల్లా ఇంజను వేడిగా ఉంది. చల్లగా ఉన్నప్పుడు ఒక్కసారి కూడా మొరాయించలేదు. షెడ్డు ఇంటికి దగ్గర. పొద్దున్నే అక్కడికి పోతే ఇంజను సరిగ్గా వేడెక్కదు. అందుకే మెకానిక్ కంటికి జబ్బు పడలేదు.

రెండో సంగతి. వాన పడిన మర్నాడు కూడా స్టార్టు అయింది. కాబట్టి తడికీ దీనికీ సంబంధం లేదు.

మూడో సంగతి. "టక్" అంది. ఇంజను తిరగలేదు.

నాలుగో సంగతి. నెడితే స్టార్టు అయింది. నెట్టినప్పుడు చక్రాలే ఇంజనును తిప్పుతాయి. తిరగగానే అందుకుంది. అంటే పెట్రోలు బాగుంది. నిప్పురవ్వ బాగుంది. లోపం ఇంజనును తిప్పే దారిలోనే ఉంది.

ఐదో సంగతి. తాళం తిప్పినా లైట్లు బాగా వెలిగాయి. బ్యాటరీలో సత్తువ లేకపోతే, తాళం తిప్పగానే లైట్లు బాగా మసకబారుతాయి. ఇక్కడ మసకబారలేదు. బ్యాటరీలో కరెంటు ఉంది. అది సెల్ఫు మోటారుకు సరిగా అందడం లేదు.

చూశారా? ఒక్క పానా పట్టకుండా, ఒక్క బోల్టు విప్పకుండా ఇన్ని సంగతులు తెలిశాయి.

వేడిగా ఉన్నప్పుడే పరీక్ష

సత్తెమ్మ నోటుపుస్తకం తీసుకుని షెడ్డుకు పోయింది. మెకానిక్ రెండుసార్లు చదివాడు.

"ఈ సంగతి ముందే చెబితే బ్యాటరీ మార్చేవాణ్ణి కాదక్కా. గంటసేపు తిప్పి, వేడి మీద తీసుకురండి" అన్నాడు.

అట్లాగే తెచ్చారు. పది నిమిషాలు ఆపి తాళం తిప్పారు. టక్! ఇప్పుడు జబ్బు మెకానిక్ ఎదుటే ఉంది. అతను మీటరు తీశాడు. మీటరు అంటే కరెంటు ఒత్తిడిని కొలిచే చిన్న పెట్టె. దాని మీద అంకెలు కనబడతాయి. ఆ ఒత్తిడిని వోల్టుల్లో కొలుస్తారు.

మొదటి కొలత. ఇంజను ఆపి ఉంది. బ్యాటరీ రెండు కొనల మీద మీటరు తీగలు పెట్టాడు. 12.6 వచ్చింది. పన్నెండు పాయింటు ఆరు అని చదవాలి. నిండు బ్యాటరీ అంతే చూపుతుంది. 12.2 చూపితే సగం ఉన్నట్టు. 12 కంటే తగ్గితే బాగా ఖాళీ అయినట్టు.

రెండో కొలత. తాళం తిప్పుతుండగా మళ్ళీ అక్కడే చూశాడు. అంకె 12 దగ్గర నిలిచింది. బ్యాటరీకి సత్తువ లేకపోతే ఇది 9.6 కంటే కిందికి పడిపోతుంది. పడలేదు. బ్యాటరీ మంచిదే.

మూడో కొలత. మీటరు ఒక తీగను బ్యాటరీ మైనస్ కొన మీద పెట్టాడు. ఇంకో తీగను ఇంజను ఇనుము మీద పెట్టాడు. తాళం తిప్పమన్నాడు. ఇక్కడ అర వోల్టు కూడా రాకూడదు. కానీ దాదాపు 6 వచ్చింది!

"దొరికిందక్కా దొంగ. ఎర్తు వైరు" అన్నాడు మెకానిక్.

ఎర్తు వైరు అంటే ఏమిటి?

గానుగెద్దు చుట్టూ తిరిగి మొదలైన చోటికే వస్తుంది. కరెంటు కూడా అంతే. బ్యాటరీ ప్లస్ కొన నుంచి బయలుదేరుతుంది. సెల్ఫు మోటారును తిప్పుతుంది. ఇంజను ఇనుములో నుంచి ఎర్తు వైరు గుండా మళ్ళీ బ్యాటరీ మైనస్ కొనకు చేరుతుంది. పోయే దారి బాగుంటే చాలదు. వచ్చే దారి కూడా బాగుండాలి.

సత్తెమ్మ కారులో ఎర్తు వైరు బోల్టు కింద తుప్పు పట్టింది. మన ఊరి నీళ్ళ ట్యాంకు తలుచుకోండి. ట్యాంకు నిండా నీళ్ళున్నాయి. పైపులో పాచి పట్టింది. కుళాయి దగ్గర చుక్క చుక్క పడుతుంది. అప్పుడు ట్యాంకు మారిస్తే లాభం ఉంటుందా? పాచి తీయాలి. కొత్త బ్యాటరీ వేసినా కారు మొరాయించింది ఇందుకే.

మరి చల్లగా ఉన్నప్పుడు ఎందుకు కదిలింది? లైట్లు ఎందుకు వెలిగాయి? లైట్లకు కొంచెం కరెంటు చాలు. సెల్ఫు మోటారుకు చాలా ఎక్కువ కావాలి. సన్నటి దారిలో కొంచెం పోతుంది, ఎక్కువ పోదు. పైగా రాగి తీగ వేడెక్కితే కరెంటును ఎక్కువగా అడ్డుకుంటుంది. సెల్ఫు మోటారులో ఉండేది రాగి తీగే. చల్లగా ఉన్నప్పుడు ఎట్లాగో ఈడ్చుకొచ్చింది. వేడెక్కాక చేతులెత్తేసింది.

మెకానిక్ ఇంకొక పరీక్ష చేశాడు. ఒక లావు వైరు తెచ్చాడు. ఒక కొనను బ్యాటరీ మైనస్‌కు, ఇంకో కొనను ఇంజను ఇనుముకు తగిలించాడు. కరెంటుకు కొత్త దారి దొరికింది. తాళం తిప్పగానే ఇంజను గిర్రున తిరిగి స్టార్టు అయింది. అనుమానం తీరిపోయింది.

పాత ఎర్తు వైరు విప్పాడు. ఇనుమును ఉప్పు కాగితంతో మెరిసేదాకా రుద్దాడు. కొత్త వైరు వేసి గట్టిగా బిగించాడు. వైరు 250 రూపాయలు. కూలి 200 రూపాయలు.

బాగైందని ఎప్పుడు నమ్మాలి?

భర్త సంతోషపడ్డాడు. "పోయింది పీడ" అన్నాడు.

"అప్పుడే అనబాక. అది పొద్దున పూట ఎప్పుడూ కదిలేదే" అంది సత్తెమ్మ.

ఆమె మాట నిజం. వచ్చిపోయే జబ్బు ఒకసారి కనబడకపోతే పోయినట్టు కాదు. ఏ వేళకు మొరాయించేదో ఆ వేళకే చూడాలి. ఇంకో రెండు వారాలు ఆమె రాస్తూనే ఉంది. వేడి మీద 10 సార్లు ఆపి, 10 సార్లు తాళం తిప్పారు. 10 సార్లూ స్టార్టు అయింది. అప్పుడు ఆ పేజీ కింద గీత గీసింది.

అన్ని కార్లకూ ఇదే జబ్బా?

కాదు. ఒక్కొక్క జబ్బుకు ఒక్కొక్క వేళ ఉంటుంది. ఈ కింది గుర్తులు తెలుసుకుంటే మెకానిక్‌కు సరిగా చెప్పగలం.

పొద్దున్నే ఇంజను బరువుగా, మెల్లగా తిరుగుతుంది. బ్యాటరీ బలం తగ్గి ఉండవచ్చు. బ్యాటరీ కొనల మీద తెల్లగా, పచ్చగా బూజులాగా పట్టి ఉండవచ్చు. రాత్రంతా ఏదో లైటు వెలుగుతూ ఉండవచ్చు.

వాన రోజుల్లో, మంచు పడ్డ తెల్లవారుజామున గిర్రున తిరుగుతుంది కానీ అందుకోదు. ప్లగ్గు వైర్లు, డిస్ట్రిబ్యూటరు మూత తడిసి ఉండవచ్చు.

వేడి మీద గిర్రున తిరుగుతుంది కానీ అందుకోదు. నిప్పురవ్వ పుట్టించే కాయిలు వేడికి పనిచేయక పోవచ్చు. కార్బొరేటరు ఉన్న పాత కార్లలో పెట్రోలు వేడికి ఆవిరై ఇబ్బంది పెట్టవచ్చు.

వేడి, చలి తేడా లేదు. ఒక్కోసారి అసలు చప్పుడే రాదు. తాళం స్విచ్చి అరిగి ఉండవచ్చు. సెల్ఫుకు పోయే సన్న వైరు వదులై ఉండవచ్చు.

ఇవన్నీ గుర్తులే. ఖాయం చేయాల్సింది మీటరు, పరీక్ష. పరీక్ష చేయకుండా సామాను మార్చవద్దు. "ఏం కొలిచి చెబుతున్నావు తమ్ముడూ?" అని అడగడం తప్పు కాదు.

జాగ్రత్తలు

బ్యాటరీ దగ్గర లోహపు గాజులు, గొలుసులు తగలకూడదు. ప్లస్ కొనకు, ఇనుముకు మధ్య గాజు తగిలితే క్షణంలో ఎర్రగా కాలిపోతుంది. ముందే తీసి పక్కన పెట్టండి. తాళి గొలుసును లోపలికి వేసుకోండి.

చీర చెంగు నడుముకు దోపండి. జడ ముడి వేసుకోండి. తిరిగే బెల్టు, ఫ్యాను దగ్గరికి పోవద్దు.

బ్యాటరీ నుంచి మండే వాయువు వస్తుంది. దగ్గర బీడీ, అగ్గిపుల్ల వెలిగించవద్దు. లోపలి నీరు యాసిడ్. మీద పడితే వెంటనే మంచినీళ్ళతో బాగా కడగాలి.

బ్యాటరీ విప్పేటప్పుడు మైనస్ వైరు ముందు తీయాలి. బిగించేటప్పుడు మైనస్ వైరు చివర బిగించాలి.

తాళం తిప్పి 10 సెకన్లకు మించి పట్టుకోవద్దు. ఒక నిమిషం ఆగి మళ్ళీ తిప్పండి. లేకపోతే సెల్ఫు మోటారు కాలిపోతుంది.

పరీక్ష చేసేటప్పుడు గేరు తీసి, హ్యాండు బ్రేకు వేసి ఉంచండి. ఇంజను తిరిగేటప్పుడు ప్లగ్గు వైర్లు ముట్టుకోవద్దు. వాటిలో వేల వోల్టులు ఉంటాయి.

కొత్త మాటలు

సెల్ఫు మోటారు: ఇంజనును మొదట తిప్పే మోటారు.
ఎర్తు వైరు: కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే దారి.
మీటరు: వోల్టులు కొలిచే పెట్టె.
వోల్టు: కరెంటు ఒత్తిడికి కొలత.

జవాబులు చెప్పండి

1. సత్తెమ్మ కారు ఏ వేళల్లో మొరాయించింది?
2. మొదట మెకానిక్‌కు జబ్బు ఎందుకు కనబడలేదు?
3. కారు స్టార్టు అయినప్పుడు కూడా సత్తెమ్మ ఎందుకు రాసింది?
4. నెడితే స్టార్టు అయింది. దాన్నిబట్టి ఏం తెలిసింది?

లెక్క చేయండి

1. నోటుపుస్తకం 20 రూపాయలు, వైరు 250 రూపాయలు, కూలి 200 రూపాయలు. మొత్తం ఎంత?
2. పరీక్ష చేయకుండా మార్చిన బ్యాటరీ 3,800 రూపాయలు. సెల్ఫు మోటారు కూడా మార్చి ఉంటే ఇంకో 4,500 రూపాయలు. ఆ రెండూ కలిపి ఎంత?
3. రెండు మొత్తాలకూ తేడా ఎంత?

మీరు రాయండి

మీ ఇంట్లో వచ్చిపోయే లోపం దేనికుంది? బోరు మోటారుకా? మిక్సీకా? కుట్టు మిషనుకా? వచ్చిపోయే తలనొప్పి ఎవరికైనా ఉందా? ఒక వారం రోజులు రాయండి. రోజు, వేళ, అంతకుముందు ఏం జరిగింది, తర్వాత ఎట్లా తగ్గింది. బాగున్న రోజులు కూడా రాయండి. ఆ పేజీని వచ్చే వారం అందరి ముందు చదవండి. ఏ వేళకు వస్తోందో మీరే చెప్పండి.